మెక్‌డొనెల్ అతీంద్రియ పరిశోధనశాల

మనశ్శక్తితో లోహాన్ని వంచడం, మూసిన కవరులోని బొమ్మను చూడకుండానే చెప్పడం వంటి అతీంద్రియ శక్తులు మనిషికి నిజంగా ఉన్నాయా? ఈ ప్రశ్నను శాస్త్రీయంగా పరీక్షించే నిమిత్తం అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో, వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో 1979లో నెలకొల్పిన సంస్థ ఇది. పూర్తిగా ఒక ధనికుని విరాళంతో ప్రారంభమై, 1985లో మూతపడింది.

స్థాపన

దాత జేమ్స్ ఎస్. మెక్‌డొనెల్ యుద్ధవిమానాలను తయారుచేసే మెక్‌డొనెల్ డగ్లస్ సంస్థకు అధినేత. అలౌకిక విషయాలపై ఆయనకు చిరకాలంగా ఆసక్తి ఉండేది. ఆయన సంస్థ నిర్మించిన విమానాలకు ఫాంటమ్, బాన్‌షీ, గోబ్లిన్, డీమన్ వంటి భూతప్రేతాల పేర్లు ఉండడం గమనార్హం. ఆయన ఇచ్చిన విరాళం 5 లక్షల డాలర్లు. భౌతికశాస్త్ర ఆచార్యుడు పీటర్ ఫిలిప్స్ ఈ సంస్థకు సారథ్యం వహించారు. 1980లో దాత మరణించిన తరువాత కూడా పరిశోధన కొనసాగింది.

ఇద్దరు యువకులు

శక్తులు ఉన్నాయని చెప్పుకొన్నవారిలో నుండి స్టీవ్ షా, మైకేల్ ఎడ్వర్డ్స్ అనే ఇద్దరు యువకులు ప్రయోగాలకు ఎంపికయ్యారు. వారు చెంచాలు వంచారు, కవర్లలోని బొమ్మలను గుర్తించారు. నిజానికి వారిద్దరూ గారడీ నేర్చినవారు. సుప్రసిద్ధ ఇంద్రజాలికుడు జేమ్స్ రాండీ పథకం ప్రకారమే వారు అక్కడ చేరారు. ఈ పథకానికి ఆయన 'ప్రాజెక్ట్ ఆల్ఫా' అని పేరు పెట్టారు.

వారి ఉపాయాలు అతి సామాన్యమైనవి. చెంచాలకు దారంతో కట్టిన చీటీలను ఒకదాని నుండి మరొకదానికి మార్చేవారు. ముందు కొలిచిన చెంచా ఒకటి, తరువాత కొలిచినది మరొకటి కావడంతో కొలతల్లో తేడా కనబడేది. కవర్లకు వేసిన స్టేపుల్ పిన్నులను ఊడదీసి, బొమ్మను చూసి, మళ్ళీ అవే రంధ్రాలలో గుచ్చేవారు.

హెచ్చరిక, ఫలితం

ఇటువంటి మోసాలను అరికట్టడానికి పాటించవలసిన 11 జాగ్రత్తలను రాండీ మొదట్లోనే ఫిలిప్స్‌కు లేఖ ద్వారా తెలియజేశారు. ఉచితంగా సహకరిస్తానని కూడా అన్నారు. ఆ సహాయాన్ని ఫిలిప్స్ అప్పట్లో స్వీకరించలేదు. 1981లో జరిగిన పరిశోధకుల సమావేశంలో ప్రయోగాల వీడియోను ప్రదర్శించినప్పుడు విమర్శలు వచ్చాయి. అనంతరం ఫిలిప్స్ నిబంధనలను కట్టుదిట్టం చేశారు. దానితో ఆ యువకుల 'శక్తులు' కనుమరుగయ్యాయి. 1983 ఆరంభంలో న్యూయార్క్‌లో రాండీ అసలు విషయాన్ని బయటపెట్టారు.

వాదవివాదాలు

పరిశోధకులను ఈ విధంగా మోసగించడం అనైతికమని కొందరు ఆక్షేపించారు. మోసం చేస్తున్నారా అని ఎవరైనా సూటిగా అడిగితే నిజం చెప్పాలని ఆ యువకులకు ముందే ఆదేశముందనీ, ఆ ప్రశ్నను ఎవరూ అడగలేదనీ రాండీ బదులిచ్చారు. విమర్శ విన్న వెంటనే పద్ధతులను సరిదిద్దుకోవడం ఫిలిప్స్ నిజాయితీకి నిదర్శనమన్నది కూడా విస్మరింపరాదు.

ఇక్కడ ధనానికి గాని, పరికరాలకు గాని, విద్వత్తుకు గాని కొరత లేదు. రాయి, లోహం, విద్యుత్తు పరిశోధకుని కావాలని మోసగించవు, మనిషి మోసగించగలడు. కనుక మనుషుల అద్భుతశక్తులను పరీక్షించేచోట శాస్త్రవేత్త పక్కన గారడీ విద్య ఎరిగినవాడు కూడా ఉండడం అవసరమని ఈ ఉదంతం తెలియజేస్తున్నది.