జావా ప్రోగ్రాములకు ఆపరేటింగ్ సిస్టమ్ విండోల సమాచారం అందిన క్రమం

కంప్యూటర్ తెరపై తెరిచి ఉన్న విండోలు ఎన్ని, వాటి శీర్షికలేమిటి, వాటిలో ప్రస్తుతం ముందున్నది ఏది అన్న వివరాలన్నీ ఆపరేటింగ్ సిస్టమ్ అధీనంలో ఉంటాయి. 1996 జనవరిలో సన్ మైక్రోసిస్టమ్స్ విడుదల చేసిన జావా, ఒకసారి రాసిన ప్రోగ్రాము ఏ యంత్రం మీదనైనా నడవాలన్న సంకల్పంతో పుట్టినది కనుక, తాను తెరిచిన విండోలను తప్ప పరాయి ప్రోగ్రాముల విండోలను తెలుసుకొనే వీలు కల్పించలేదు. విండోస్, యూనిక్స్, మ్యాక్ వ్యవస్థలు విండోను తలా ఒక తీరున నిర్వహిస్తున్నప్పుడు ఆ మౌనం సమంజసమైనదే.

1997లో జేడీకే 1.1తో వచ్చిన జేఎన్ఐ, అంటే జావా నుంచి సీ భాషలోని ఫంక్షన్లను పిలిచే ఏర్పాటు, ఇందుకు ఒక అధికారిక మార్గం. దీనికి ప్రతి వ్యవస్థకూ విడిగా సీ కోడ్ రాసి కంపైల్ చేయవలసి వచ్చేది. మైక్రోసాఫ్ట్ తన జే/డైరెక్ట్ పద్ధతిలో విండోస్ ఫంక్షన్లను జావాలోనే ప్రకటించుకొనే సదుపాయం ఇచ్చింది గాని, అలా రాసిన ప్రోగ్రాము విండోస్‌కే కట్టుబడిపోయేది. జేఎన్ఐని మైక్రోసాఫ్ట్ అమలు చేయకపోవడం, 1997 అక్టోబరులో సన్ వేసిన దావాలోని ఆరోపణల్లో ఒకటి. ఆ వివాదం 2001 జనవరిలో రాజీతో ముగిసింది.

సీ కోడ్ రాసే శ్రమను తప్పించినది జేఎన్ఏ అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీ. జావా ఇంటర్‌ఫేస్‌లో ఫంక్షన్ పేరు, దాని పారామీటర్లు ప్రకటిస్తే చాలు, మిగతా పని అది చూసుకొంటుంది. విండోస్ ఫంక్షన్లలో గెట్‌ఫోర్‌గ్రౌండ్‌విండోతో ముందున్న విండో గుర్తింపును, గెట్‌విండోటెక్స్ట్‌తో దాని శీర్షికను పొందడం దీనితో కొద్ది వరుసల పనైంది. తెలుగువారికి ఇక్కడ ప్రత్యేకంగా పట్టించుకోవలసిన విషయం ఒకటుంది. విండోస్‌లో ఆ రెండవ ఫంక్షన్‌కు ఏ, డబ్ల్యూ అని రెండు రూపాలున్నాయి. మొదటిది పాత కోడ్ పేజీలను ఆశ్రయిస్తుంది, తెలుగుకు అటువంటి ఏఎన్‌ఎస్ఐ కోడ్ పేజీ ఏనాడూ లేనందున, దానితో అడిగితే తెలుగు శీర్షిక సాధారణంగా ప్రశ్నార్థకాల వరుసగా తిరిగివస్తుంది. యూనికోడ్‌ను వాడే డబ్ల్యూ రూపమే శరణ్యం. అందులోనూ కంటికి ఒక్క అక్షరంగా కనబడే ‘శ్రీ’ శకారం, పొల్లు, రేఫ, ఈకార గుర్తు అనే నాలుగు యూనిట్లు కనుక, చివరి సున్నాతో కలిపి ఐదింటికి చోటు కేటాయించాలి.

ఈలోగా ఆపరేటింగ్ సిస్టములే తలుపులు బిగించడం మొదలుపెట్టాయి. లినక్స్‌లో ఎక్స్11 అనే విండో వ్యవస్థ కింద ఏ ప్రోగ్రామైనా విండోల జాబితాను చదవగలిగేది. దానికి ప్రత్యామ్నాయంగా 2008లో మొదలైన వేలాండ్ ప్రధాన ప్రోటోకాల్ ఆ స్వేచ్ఛను ఇవ్వదు. 2019 నాటి మ్యాక్‌ఓఎస్ క్యాటలీనా నుంచి పరాయి విండోల శీర్షికలు చదవాలంటే స్క్రీన్ రికార్డింగ్ అనుమతి ఉండాలి. వాడుకరి గోప్యత దృష్ట్యా ఇది ఆహ్వానించదగిన మార్పు, ఎందుకంటే బ్రౌజర్ విండో శీర్షిక ఒక్కటే మనిషి ఏం చదువుతున్నాడో బయటపెట్టగలదు.

2024 మార్చిలో వచ్చిన జావా 22, పనామా ప్రాజెక్టు ఫలితమైన ఫారిన్ ఫంక్షన్ అండ్ మెమరీ ఏపీఐని స్థిరపరచడంతో, సీ కోడ్‌గాని బయటి లైబ్రరీగాని లేకుండానే జావా నేరుగా ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడగగలుగుతున్నది. అయితే అక్కడ కూడా డబ్ల్యూ రూపాన్ని ఎంచుకోవడం, తిరిగివచ్చిన బైట్లను యూటీఎఫ్-16గా చదవమని చెప్పడం ప్రోగ్రామర్ బాధ్యతే.