కందిలి నుండి పగటి దీపం దాకా



ఈ రోజు పంట సంగతి కాదు, పంటను మోసుకుపోయే బండి దీపం సంగతి చెప్పుకుందాం. “దీపానికేముంది, మీట నొక్కితే వెలుగుతుంది గదా” అంటారేమో. ఆ మీట వెనుక వందేళ్ళకు పైబడిన చరిత్ర ఉన్నది. ఆ చరిత్ర తెలిసిన రైతు తన పికప్ బండికి అదనపు లైట్లు కట్టించుకునేటప్పుడు మోసపోడు.

డోంగ్లి మన కామారెడ్డి జిల్లాలో మహారాష్ట్ర సరిహద్దు దగ్గర ఉన్న ఊరు. 2022 వరకు మద్నూరు మండలంలో ఉండి, ఆ ఏడు తానే మండల కేంద్రమయింది. సంగారెడ్డి నుండి నాందేడు మీదుగా అకోలా పోయే 161వ నంబరు జాతీయ రహదారి మద్నూరును తాకుతూ పోతుంది. పత్తి, సోయా, కంది అమ్మకానికి పోవాలంటే ఆ వైపు రోడ్డెక్కవలసిందే. అక్కడ లారీల నడుమ మన బండి చిన్నది.

తాతల నాటి ఎడ్లబండిని ఒకసారి తలచుకోండి. ఎండకు ఎడ్లు డస్సిపోతాయని రాత్రి చల్లపూట బండి కట్టేవారు. ఇరుసు కింద ఒక కందిలి వేలాడేది. ఆ మసక వెలుతురులో ఎవరికి దారి కనబడుతుంది? దారి ఎడ్లకు తెలుసు. బండివాడు బస్తాల మీద ఒక కునుకు తీసేవాడు. అయితే కందిలి ఎందుకు? వెనుక వచ్చేవాడికి, ఎదురు వచ్చేవాడికి “ఇక్కడ బండి ఉన్నది సుమా” అని చెప్పడానికి. అంటే ఆ దీపం చూడడానికి కాదు, కనబడడానికి. ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

తరువాత మోటారు వచ్చింది. మన హైదరాబాదు రాజ్యంలో 1932లో నిజాం రైల్వే వారి రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో మొదలయింది. ప్రపంచంలో తొలి రోజుల కార్లకు గ్యాసు దీపాలు ఉండేవి. కార్బైడు గడ్డల మీద నీటి చుక్కలు పడితే గ్యాసు పుట్టేది, దానిని అగ్గిపుల్లతో ముట్టించేవారు. వానకూ గాలికీ అది సతాయించేది. 1912లో అమెరికాలో కాడిలాక్ కారుకు విద్యుత్ స్టార్టరు, విద్యుత్ దీపాలు కలిపి అమర్చారు. డైనమో, బ్యాటరీ బండిలోనే ఉండడంతో దీపానికి బలం వచ్చింది. 1940లో అమెరికాలో సీల్డ్ బీమ్ దీపాలు, 1962లో యూరపులో హాలోజెన్ దీపాలు వచ్చినవి. ఇదంతా చూడడానికి వాడే దీపం కథ.

కనబడే దీపం కథ మరో దారిన నడిచింది. ఉత్తరాది చలి దేశాలలో పగలు కూడా మసకగా ఉంటుంది. అందుచేత ఫిన్లాండులో 1972లో శీతకాలాన ఊరి బయటి రోడ్ల మీద పగలే దీపం వెలిగించాలన్నారు. 1977లో స్వీడను ఏడాది పొడుగునా వెలిగించాలన్నది. 1989 డిసెంబరు నుండి కెనడాలో తయారయ్యే కొత్త బండ్లకు పగటి దీపం తప్పనిసరి అయింది. యూరపులో 2011లో కొత్త కార్లకు ఈ నియమం పెట్టారు. మన దేశంలో 2017 ఏప్రిల్ 1 నుండి కొత్త ద్విచక్ర వాహనాలకు ఇంజను నడుస్తుండగా హెడ్‌లైటు దానంతట అదే వెలిగే ఏర్పాటు తప్పనిసరి చేశారు. పట్టపగలు దీపమేమిటని అప్పుడు నవ్విన వారున్నారు. తాత కందిలిని మరచినవారే అలా నవ్వుతారు.

ఇక అసలు సంగతి. ఈనాటి కొన్ని పికప్ బండ్లకు ఇంజను పెట్టగానే ముందు తెల్లగా వెలిగే చిన్న దీపం ఉంటుంది. అదే పగటి దీపం. అంతర్జాతీయ నియమం ప్రకారం దాని వెలుగు 400 నుండి 1200 కాండెలాల లోపు. హెడ్‌లైటు పెద్ద వెలుగు వేలల్లో, పదివేలల్లో ఉంటుంది. దానితో పోలిస్తే ఇది కందిలే. “ఎలాగూ వెలుగుతున్నది గదా, ఆ వైరుకే రెండు పెద్ద లైట్లు కలిపేస్తే సరి” అని కొందరు కట్టించుకుంటున్నారు. ఇందులో రెండు ప్రమాదాలున్నవి.

మొదటిది వైరుకు. 12 వోల్టుల మీద 55 వాట్ల దీపం ఒక్కటి సుమారు నాలుగున్నర ఆంపియర్లు తాగుతుంది. రెండయితే తొమ్మిది దాటుతుంది. పగటి దీపం వైరు చిన్న ఎల్.ఇ.డి.కి సరిపోయేది. కుందేలు మీద గోనె బస్తా వేసినట్లు! వైరు వేడెక్కుతుంది, ఫ్యూజు పోతుంది. ఫ్యూజు బదులు రాగితీగ చుట్టితే బండే అంటుకోవచ్చు.

రెండవది ప్రాణానికి. చాలా బండ్లలో పగటి దీపం వెలిగినప్పుడు వెనుక ఎర్ర దీపాలు వెలగవు. సందెవేళ ముందు ధగధగమంటుంటే డ్రైవరు అన్ని లైట్లూ ఉన్నవనుకుంటాడు. వెనుక కటిక చీకటి. లారీవాడికి మీ బస్తాలు చివరి క్షణం దాకా కనబడవు. ఈ చిక్కు పెద్ద దేశాలకూ తప్పలేదు. అందుకే కెనడా 2021 సెప్టెంబరు నుండి కొత్త బండ్లకు మరో నియమం పెట్టింది: పగటి దీపంతో వెనుక దీపాలూ వెలగాలి, లేదా చీకటి పడగానే అన్నీ వాటంతట అవే వెలగాలి, లేదా డ్రైవరు ముందున్న మీటర్ల పలక చీకటిగా ఉండిపోవాలి.

మరి పొలంలో రాత్రి బస్తాలు ఎత్తడానికి లైటు కావాలంటే? బ్యాటరీ నుండి వేరే తగిన లావు వైరు తీయించండి. బ్యాటరీ దగ్గరే తగిన ఫ్యూజు, ఆపైన రిలే, డ్రైవరు చేతికందే ప్రత్యేక మీట పెట్టించండి. రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును తెరిచే తలుపు. ఆ తలుపుకైనా పగటి దీపం వైరును వాడకండి. కొన్ని బండ్లలో ఆ కరెంటును కంప్యూటరు క్షణానికి అనేకసార్లు ఆపి వదులుతుంటుంది, రిలే టకటకలాడి చెడుతుంది. ఆ లైట్లు పొలంలోనే వాడాలి, రోడ్డెక్కగానే ఆర్పాలి. ముందు వైపు స్పాట్ లైట్లను 1989 మోటారు వాహన నియమాలు అనుమతి లేనిదే ఒప్పుకోవు. ఎదుటివాడి కళ్ళు చెదిరితే నష్టం ఇద్దరికీ.

విస్తరణ కార్యకర్తలకు ఒక మనవి. ఈసారి రైతు వేదిక దగ్గర సమావేశం సాయంత్రం పెట్టండి. పొద్దు గూకగానే ఒక పికప్‌ను నిలిపి, ఇంజను పెట్టి, మీట ముట్టకుండా అందరినీ బండి వెనక్కు తీసుకుపోండి. చీకటి కనబడుతుంది. ఆ తరువాత ఉపన్యాసం అక్కరలేదు.

తాత కందిలిని ఇరుసు కింద కట్టింది తనకోసం కాదు, వెనుక వచ్చేవాడి కోసం. అదే తాతనూ కాపాడింది. ఇక సెలవు.