తెలుగు నేలలో పెద్ద బల్లులు: పంచాంగం నుంచి పెంపకం దాకా

పరిపాలనాపరంగా తుమకూరు జిల్లాకు చెందినదైనా, చాలావరకు ఆంధ్రప్రదేశ్ సరిహద్దుతో చుట్టుముట్టబడిన పావగడ తాలూకాలో తెలుగు వాడుక బలంగా ఉంది. ఆ తాలూకాలోని వెంకటమ్మనహళ్లి వంటి మెట్టప్రాంతపు ఊళ్లలో మనిషికీ బల్లికీ మధ్య నడిచిన సంబంధం, తక్కిన తెలుగు సీమల్లో వలెనే, పెంపకం మీద కాక శకునం మీద నిలిచింది. తెలుగు పంచాంగాలు బల్లి ఏ అంగం మీద పడితే ఏ ఫలితమో స్త్రీలకూ పురుషులకూ వేర్వేరుగా చెప్పే బల్లిపాటు పట్టికలను తరాలుగా అచ్చువేస్తున్నాయి. బల్లి మీద పడితే తలస్నానం చేసి దీపం పెట్టడం, కంచి వరదరాజస్వామి ఆలయంలోని బంగారు, వెండి బల్లులను తాకి వచ్చినవారిని ముట్టుకుంటే దోషం పోతుందని నమ్మడం ఈ ఆచారంలోని భాగాలే. ఉడుమును మాంసానికీ తోలుకూ వేటాడిన పల్లెలు కూడా బల్లిని చేత్తో పట్టడానికి జంకాయి. ఆ జంకు మూఢనమ్మకం నుంచి పుట్టినదే కావచ్చు గానీ, దానివల్ల బల్లికి మేలే జరిగింది.

చెట్లను ఆశ్రయించే పెద్ద బల్లులు ఈ ప్రాంతానికి కొత్త కావు. దక్కను మెట్టల్లో చెట్ల బెరడు మీద, పాత ఇళ్ల గోడల మీద కనిపించే లెషెనో బల్లిని 1836లో ఫ్రెంచి శాస్త్రవేత్తలు ద్యుమెరిల్, బిబ్రోఁ వర్ణించి, పుదుచ్చేరిలో పనిచేసిన వృక్షశాస్త్రజ్ఞుడు లెషెనో పేరు పెట్టారు. బూడిదరంగు చర్మం మీది ముదురు అలల గీతలు బెరడులో కలిసిపోవడంవల్ల, కదిలితే తప్ప అది కంటికి ఆనదు.

అయితే తెలుగు నేల శాస్త్రానికి అందించిన పెద్ద బల్లులలో ముఖ్యమైనవి రెండు, ఏడాది తేడాతో వెలుగులోకి వచ్చాయి. మద్రాసు అటవీశాఖ అధికారి రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్ 1870లో తిరుపతి కొండల నుంచి బంగారు బల్లిని వర్ణించగా, మరుసటి ఏడాది భారత భూగర్భ సర్వేక్షణ సంస్థలో పనిచేసిన ఫెర్డినాండ్ స్టోలిచ్కా భద్రాచలం సమీపపు గోదావరి లోయ నుంచి, చెట్లమీదా బండలమీదా తిరిగే మహాకాయపు బల్లిని వర్ణించి దానికి 'జైగాంటియస్' అనే జాతినామం ఇచ్చాడు. ముట్టె నుంచి తోక మొదలు దాకానే పది సెంటీమీటర్లు దాటే ఈ జీవి మామూలు ఇంటి బల్లికి దాదాపు రెండింతలు ఉంటుంది. బంగారు బల్లి మాత్రం చెట్లకంటె తేమగల రాతి గుహలను, సెలయేటి బండలను కోరుకుంటుంది. చాలాకాలం పరిశోధకుల కంటపడని ఆ జీవి తూర్పు కనుమల్లో మళ్లీ దొరికిందని డేనియల్, భూషణ్, శేఖర్ 1986లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో ప్రకటించారు. తర్వాత దానికి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో, అంటే అత్యంత కఠినమైన రక్షణ గల పట్టికలో, చోటు దక్కింది.

బల్లిని గాజుపెట్టెలో పెంచి చేతిమీదికి తీసుకునే అలవాటు తెలుగు నేలలో పుట్టినది కాదు. దానికి ఊపునిచ్చింది పసిఫిక్ సముద్రంలోని న్యూ కాలెడోనియా దీవులు: జీవించి ఉన్న బల్లులన్నిటిలోకీ పెద్దదైన, సుమారు 35 సెంటీమీటర్ల పొడవుకు ఎదిగే లీచియానస్ అక్కడిదే, అంతరించిందనుకున్న కిరీటపు బల్లి 1994లో అక్కడే మళ్లీ కనిపించి, కొద్దికాలంలోనే ఐరోపా, అమెరికా ఇళ్లకు చేరింది. పెంపకందారులు నేర్చుకున్న మెళకువలన్నీ బల్లి శరీర నిర్మాణంతో ముడిపడినవి. వేళ్ల అడుగున వరుసగా పేర్చిన పలకలుంటాయి. వాటిమీది సూక్ష్మ రోమాల కొనలు అణువుల మధ్య పనిచేసే వాన్ డెర్ వాల్స్ ఆకర్షణవల్ల గోడకు అంటుకుంటాయని కెల్లర్ ఆటమ్ బృందం 2002లో నిరూపించింది. నడిచేటప్పుడు బల్లి వేలి కొనను పైకి మడిచి ఆ పట్టు విడిపించుకుంటుంది కనుక, దాన్ని గోడనుంచి లాగకుండా, ముందు చేయి పెట్టి తానుగా ఎక్కనివ్వడమే సరైన పద్ధతి. తోక పట్టుకుంటే తెగిపోతుంది. కిరీటపు బల్లికి తెగిన తోక మళ్లీ మొలవదు.

ఈ ముచ్చట వ్యాపారంగా మారినప్పుడు జరిగిన నష్టానికి టోకే బల్లి ఉదాహరణ. ఈశాన్య భారతం నుంచి ఆగ్నేయాసియా దాకా చెట్లమీద బతికే ఈ పెద్ద బల్లి ఎయిడ్స్‌ను నయం చేస్తుందన్న అబద్ధపు ప్రచారం 2010 ప్రాంతంలో వ్యాపించి, విపరీతమైన అక్రమ వేటకు కారణమైంది. భారతదేశం కూడా ప్రతిపాదకులలో ఒకటిగా ఉన్న తీర్మానంతో 2019లో దాన్ని సైటీస్ అనే అంతర్జాతీయ ఒప్పందపు రెండవ అనుబంధంలో, అంటే అంతర్జాతీయ వ్యాపారాన్ని అనుమతులతో నియంత్రించే జాబితాలో, చేర్చారు. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి చేసిన 2022 సవరణతో సైటీస్ నియమాలు అందులో భాగమయ్యాయి. ఆ జాబితాల్లోని విదేశీ జీవులను పెంచుకునేవారు వాటినీ, వాటికి పుట్టే పిల్లలనూ ప్రభుత్వం వద్ద నమోదు చేయించాలని 2024 ఫిబ్రవరిలో వెలువడిన నియమావళి ఆదేశించింది. బంగారు బల్లి వంటి మొదటి షెడ్యూలు జీవిని పట్టి ఇంట్లో పెట్టుకున్నవారికి మాత్రం నమోదు దారి లేదు. కనీసం మూడేళ్ల జైలు, ఇరవై అయిదు వేల రూపాయలకు తగ్గని జరిమానా ఉన్నాయి.