నెత్తురు మీద మోపిన నేరం: ఎరుకలు, ధాత కరువు, వంశగుణ వాదం

మనిషి నడవడిలో జన్యువుల పాలెంత అన్న ప్రశ్న రాయలసీమలో ప్రయోగశాల కన్నా ముందు పోలీసు ఠాణాకు చేరింది. 1911 నాటి నేరస్థ జాతుల చట్టం కింద మద్రాసు రాజధానిలో ఎరుకలు మొదలైన కులాలవారిని కులం పేరు మీదనే నమోదు చేశారు. వేలిముద్రలు, హాజరు, ఊరు దాటడానికి అనుమతి చీటీ వారికి తప్పనిసరి అయ్యాయి. కర్నూలు జిల్లా సిద్ధాపురంలో వారిని నిఘాలో ఉంచే సెటిల్‌మెంటు వెలిసింది. చట్టం మద్రాసులో 1947లో, దేశమంతటా 1952లో రద్దయింది. దాని వెనకనున్న తర్కం రద్దు కాలేదు. కర్నూలు, కడప ఫ్యాక్షన్ హత్యలకు ‘సీమ రక్తాన్ని’ కారణంగా చూపే రచనలు అదే తర్కాన్ని ఒక ప్రాంతం మొత్తానికి అంటగడుతున్నాయి.

ఈ వాదానికి పాండిత్యపు ముద్ర వేసినవాడు ఎడ్గార్ థర్‌స్టన్. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటుగా అతడు కులాలవారీగా తలలు, ముక్కులు కొలిచాడు. ఆ కొలతల విద్యను పోలీసు అధికారులకూ నేర్పాడు. 1909లో ఏడు సంపుటాలుగా వెలువడిన అతని కులాల గ్రంథాన్ని కొందరు తెలుగు పరిశోధకులు నేటికీ ప్రశ్నించకుండా ఉటంకిస్తున్నారు. అందులో కొరవల (తమిళ ప్రాంతంలో ఎరుకలకున్న పేరు), ఎరుకల భాగం చాలావరకు ముల్లాలీ, పాపారావు నాయుడు వంటి పోలీసు అధికారుల రాతల మీద నిలిచింది. నేరస్థులను వెతకడమే పనిగా ఉన్నవారి రాతల్లో నేరం తప్ప వేరే బతుకు కనిపించకపోవడంలో వింత లేదు. అయినా వంశగుణ వాదానికి విరుగుడు ఆ పుటల్లోనే దొరుకుతుంది. థర్‌స్టన్ పేర్కొన్న శాఖల్లో ఉప్పు అమ్మేవారు, కరివేపాకు అమ్మేవారు, బుట్టలల్లేవారు, సోది చెప్పేవారు ఉన్నారు. దొంగతనమే పుట్టుకతో వచ్చిన గుణమైతే శాఖలు ఇలా జీవనోపాధుల చుట్టూ ఏర్పడేవి కావు.

వీటిలో ఉప్పు ఎరుకల చరిత్ర అన్నిటికన్నా ముఖ్యం. కోస్తాలో ఉప్పు కొని, ఎద్దుల మీద, గాడిదల మీద పెరికెలు వేసుకుని మెట్ట ఊళ్లకు చేర్చేవారు. తిరుగుదారిలో ధాన్యం తీసుకెళ్లేవారు. 1871 నాటికి మద్రాసు రైలు కడప మీదుగా రాయచూరు చేరింది. ఉప్పూ ధాన్యమూ రెండూ రైలెక్కాయి. అయిదేళ్లకు, ధాత నామ సంవత్సరంలో, మహాకరువు వచ్చింది; దాన్నే ధాత కరువు అంటారు. 1871, 1881 జనగణనల మధ్య కర్నూలు జిల్లా జనాభా దాదాపు నాలుగో వంతు తగ్గింది. పశువులు చచ్చాక, మిగిలిన కొద్దిపాటి వర్తకానికీ ఆధారం పోయింది. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం మేతకూ, బుట్టల వెదురుకూ అడ్డు తగిలింది. పన్నెండేళ్లలో ప్రధాన బతుకుదారులు మూసుకుపోయిన కులాన్ని, మరో ముప్పై ఏళ్లకు నేరస్థ జాతిగా నమోదు చేశారు. ఎరుకల ఉపాధులు కూలిన తీరును మీనా రాధాకృష్ణ 2001 నాటి గ్రంథం సవివరంగా చూపింది. 1871 నాటి తొలి నేరస్థ జాతుల చట్టాన్ని చేసినవారు వంశపారంపర్యం అన్నప్పుడు రక్తాన్ని కాక కులవృత్తినే ఉద్దేశించారన్న అభ్యంతరం ఉంది గానీ, ఠాణాలో ఆ తేడా నిలవలేదు.

జన్యుశాస్త్రమూ థర్‌స్టన్‌కు అండగా రాదు. 2015లో టింకా పోల్డర్‌మన్ బృందం కోటీ నలభై లక్షలకు పైగా కవల జంటల వివరాలను క్రోడీకరించి, మనుషుల లక్షణాల్లోని తేడాల్లో సగటున 49 శాతం జన్యుభేదాలకు చెందుతుందని తేల్చింది. ఆ లెక్క ఒక జనసమూహంలోని వ్యక్తుల మధ్య తేడాలకే వర్తిస్తుంది. ఒక కులానికీ మరో కులానికీ మధ్య తేడాను అది వివరించదు.

ఎరుకల విషయంలో జీవశాస్త్రం చెప్పగలిగేది ఏదైనా ఉంటే అది ఆకలి గురించే. 1944–45లో నెదర్లాండ్స్ కరువు కాలంలో తల్లి కడుపులో ఉన్న మగవారిని గురించి రిచర్డ్ న్యూగెబావర్ బృందం అధ్యయనం 1999లో వెలువడింది. గర్భం తొలి ఆరు నెలల్లో తీవ్రమైన ఆకలికి గురైనవారిలో సంఘవ్యతిరేక వ్యక్తిత్వ రుగ్మత అవకాశం రెండున్నర రెట్లని తేలింది. అదే కరువుకు గురైనవారి డీఎన్‌ఏ మీది మిథైల్ గుర్తుల్లో ఆరు దశాబ్దాల తరవాత కూడా మార్పు కనిపించిందని 2008 నాటి మరో పరిశోధన చూపింది. ధాత కరువులోనూ ఆకలి తీవ్రమైనదే: 1877లో భారత ప్రభుత్వ కరువు ప్రతినిధి రిచర్డ్ టెంపుల్ కరువు పనుల కూలిని కొన్ని నెలలపాటు రోజుకు ఒక పౌను ధాన్యానికి, ఒక అణాకు కుదించాడు. అంటే సుమారు 450 గ్రాముల గింజలు. మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ దాన్ని తీవ్రంగా వ్యతిరేకించాడు. 1911లో ముప్పై మూడు, ముప్పై నాలుగేళ్ల వయసులో రిజిస్టరుకెక్కిన సీమ ఎరుకలవాడు ఆ కరువులో కడుపున పడ్డవాడే. అధికారులు అతనిలో వంశగుణమని చూసినదానిలో కొంత ఆకలి మిగిల్చిన గాయం కావచ్చు.

సీమ ఫ్యాక్షన్ హింస మూలాల్లో ఒకదాన్ని ఇక్కడ వెతకవచ్చు. పదేపదే కరువులు తరతరాల గర్భిణులను పస్తుంచిన నేల ఇది. పౌరుషమని పిలుస్తున్న దానిలో ఆ పస్తుల పాలు ఉండవచ్చు. డచ్చి కరువు కొన్ని నెలలది, ధాత కరువు రెండేళ్లది కనుక రెంటినీ నేరుగా పోల్చలేమన్న మాట నిజమే. కాలం ఎక్కువైనచోట ప్రభావం ఎక్కువో తక్కువో ఈ అధ్యయనాలు చెప్పవు.