కాలిప్సో ఓడ మీది జాలరులు

కెనడా తూర్పు తీరాన, అట్లాంటిక్‌లో ఉన్న న్యూఫౌండ్‌లాండ్ ద్వీపం 1949 దాకా కెనడాలో చేరలేదు. బ్రిటిష్ సామ్రాజ్యంలో వేరే రాజ్యంగానే ఉండిన ఆ దేశానికి సొంత నౌకాదళం లేకపోయినా, మొదటి ప్రపంచయుద్ధంలో అది బ్రిటిష్ నౌకాదళానికి దాదాపు 2,000 మందిని అందించింది. వారిలో అధికులు కాడ్ చేపలు పట్టి బతికే జాలరులు. వారు చేరినది రాయల్ నేవల్ రిజర్వు, అంటే శాంతికాలంలో ఎవరి వృత్తి వారు చేసుకుంటూ, ఏటా కొన్నాళ్లు శిక్షణ పొంది, యుద్ధం వచ్చినప్పుడు పిలుపునందుకోవలసిన వారి దళం.

1900-01 శీతకాలంలో 50 మందిని ఒక యుద్ధనౌక మీద పరీక్షించి చూసిన తరువాత, 1902లో కాలిప్సో అనే పాతబడిన నౌకను సెయింట్ జాన్స్ రేవుకు తెచ్చి, పైన కప్పు వేసి శిక్షణశాలగా మార్చారు. ఏడాదికి 28 రోజుల కవాతు, ఫిరంగి, తుపాకి అభ్యాసం అక్కడే జరిగేవి. వర్తకుడు సీజనుకు ముందు ఉప్పు, పిండి, వలలు అరువిచ్చి, చివరికి చేపలతో చెల్లు వేసుకునే ఆ ద్వీపంలో జాలరికి రొక్కం కంటపడడమే అరుదు కనుక, రిజర్వు జీతానికి ఉన్న ఆకర్షణను విడిచి కేవలం రాజభక్తినే కారణంగా చెప్పే చరిత్ర అసంపూర్ణమే అవుతుంది.

యుద్ధంలో వారి నేర్పు బాగా అక్కరకు వచ్చినది 10వ క్రూజర్ స్క్వాడ్రన్‌లో. జర్మనీకి సరుకు చేరకుండా స్కాట్లాండ్‌కు ఉత్తరాన కాపు కాసిన ఈ దళం, దారిన పోయే ఓడలను ఆపి సోదా చేసేది. సోదాకు పోవాలంటే, ఊగిసలాడే పెద్ద ఓడ నుంచి చిన్న తెడ్ల పడవను నీటిపైకి దించి, అల పైకి లేచిన క్షణంలోనే కొక్కేలు విప్పి, ఓడ పక్కకు కొట్టుకొని పడవ బద్దలు కాకముందే దూరంగా తోసుకుపోవాలి. ఫిరంగి కవాతు నేర్పని ఈ విద్యను జాలరులు చిన్ననాటి నుంచే తమ దోనెల్లో నేర్చి ఉన్నారు.

ఈ కాపలాకు పెట్టిన ఓడల్లో చాలావరకు ఆయుధాలు అమర్చిన ప్రయాణికుల నౌకలే. 1915 జనవరిలో ఐర్లాండ్ ఉత్తర తీరాన వాటిలో ఒకటైన విక్నార్ మునిగి, అందులోని వారంతా చనిపోయారు. వారిలో 25 మంది న్యూఫౌండ్‌లాండ్ వారు. మరుసటి నెలలోనే క్లాన్ మెక్‌నాటన్ కూడా తన సిబ్బంది మొత్తంతో గల్లంతైంది. చిన్న చిన్న రేవు పల్లెలు ఒకే ఓడతో పలువురిని పోగొట్టుకోవడానికి, ఒకే చోట శిక్షణ పొందిన వారిని కలిపే పంపడం ఒక కారణం.

1916లో కాలిప్సో పేరును కొత్త క్రూజర్‌కు ఇవ్వడంతో పాత ఓడ పేరు బ్రిటన్ (Briton)గా మారింది. యుద్ధానంతరం రిజర్వును రద్దు చేశారు; 1922లో అమ్ముడుపోయిన ఓడ ఉప్పు నిల్వకు ఉపయోగపడింది. సెయింట్ జాన్స్‌లో మళ్లీ రిజర్వు దళం ఏర్పడింది 1949లో, కెనడా నౌకాదళం కింద, కాబట్ అనే పేరుతో.