వావా పెడల్: తక్కువ ఖర్చులో ఎంపిక

వావా పెడల్ ఎలక్ట్రిక్ గిటారు నాదాన్ని పాదంతో మలిచే పరికరం. గిటారుకు, ఆంప్లిఫయరుకు నడుమ దీన్ని కలుపుతారు. పైనున్న పలకను మునివేళ్లతో ముందుకు తొక్కితే నాదం తెరుచుకుని పదునెక్కుతుంది. మడమ వైపు వాలిస్తే మూసుకుపోయి మెత్తబడుతుంది. పాదం ముందుకీ వెనక్కీ ఆడుతుంటే తీగ మాట్లాడుతున్నట్టు, ఏడుస్తున్నట్టు వినిపిస్తుంది. రాక్, బ్లూస్, ఫంక్ సంగీతాల్లో దీనికి 1960ల చివరి నుంచీ స్థిరమైన చోటు ఉంది. ఈ వ్యాసం పెడల్ పుట్టుక, పనితీరు, రకాలతో పాటు తక్కువ డబ్బుతో దాన్ని ఎంచుకునే పద్ధతిని వివరిస్తుంది. నెల్లూరు జిల్లాలో సముద్రాన్ని ఆనుకుని ఉన్న తోటపల్లి గూడూరు మండలం లాంటి చోట ఉప్పుగాలికి తట్టుకునేలా దాన్ని ఎలా కాపాడుకోవాలో కూడా చెబుతుంది.

పుట్టుక

వావా పెడల్ పుట్టిందే ఖర్చు తగ్గించే ప్రయత్నంలో. 1966లో అమెరికాలోని థామస్ ఆర్గాన్ కంపెనీ వోక్స్ ఆంప్లిఫయర్లను తయారుచేస్తుండేది. వాటిలో మధ్య శ్రుతుల నాదాన్ని పెంచే సర్క్యూట్ ఒకటి ఉండేది. దాన్ని మార్చే స్విచ్ ఖరీదైనది కావడంతో, దాని బదులు తిప్పితే నిరోధం మారే, చౌకగా దొరికే పొటెన్షియోమీటర్‌ను వాడే పని బ్రాడ్ ప్లంకెట్ అనే యువ ఇంజనీరుకు అప్పగించారు. ఆ పొటెన్షియోమీటర్‌ను తిప్పుతుంటే నాదం ఊగిసలాడడం అక్కడివారిని ఆకట్టుకుంది. వోక్స్ ఆర్గాన్‌కు వాడే వాల్యూమ్ పెడల్ పెట్టెలోనే ఆ సర్క్యూట్‌ను అమర్చడంతో చేతి పని పాదానికి మారింది. గిటారిస్టు డెల్ కాషర్ దాని సత్తాను తొలినాళ్లలోనే వాయించి చూపాడు.

1967లో మార్కెట్లోకి వచ్చిన తొలి పెడల్ మీద ట్రంపెట్ వాద్యకారుడు క్లైడ్ మెక్కాయ్ పేరు ఉండేది. ట్రంపెట్ మూతికి మ్యూట్ అడ్డుపెట్టి ఏడుపు లాంటి నాదం పలికించడంలో ఆయన ప్రసిద్ధుడు. పేటెంటుకు 1967 ఫిబ్రవరిలో దరఖాస్తు చేయగా 1970 సెప్టెంబరులో మంజూరైంది. గిటారు మీద దీని పేరు మోగించినవాడు జిమీ హెండ్రిక్స్. 1968 నాటి 'వూడూ చైల్డ్ (స్లైట్ రిటర్న్)' అందుకు పేరెన్నికగన్న ఉదాహరణ. 1971లో ఐజక్ హేస్ 'షాఫ్ట్' సినిమాకు కట్టిన సంగీతంలో చార్లెస్ పిట్స్ తీగలను చేత్తో నొక్కిపట్టి, లయకు తగ్గట్టు పెడల్ ఆడించాడు. ఫంక్ వాద్యకారులకు అది పాఠమైంది. క్రై బేబీ అనే పెడల్ పేరు కూడా థామస్ ఆర్గాన్ రోజులదే. 1982 నుంచి ఆ పేరు డన్‌లప్ సంస్థ చేతిలో ఉంది.

పనితీరు

వావా పెడల్ లోపల ఉన్నది ఒక ఫిల్టరు. గిటారు నుంచి వచ్చే నాదంలో ఒక ఇరుకైన పౌనఃపున్య పట్టీని అది ఎత్తి చూపుతుంది, దానికి దూరంగా ఉన్నవాటిని తగ్గిస్తుంది. పలక కదిలే కొద్దీ ఆ పట్టీ జరుగుతుంది. మామూలు క్రై బేబీలో మడమ వైపు అది సుమారు 400 హెర్ట్జ్ దగ్గర, మునివేళ్ల వైపు సుమారు 2,000 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. మనం 'ఊ' నుంచి 'ఆ'కు నోరు తెరిచేటప్పుడు నోటి కుహరంలో అనునాదం జరిగే చోటు మారినట్టే ఇక్కడా జరుగుతుంది. పెడల్ నాదం మనిషి గొంతులా తోచడానికి కారణం ఇదే.

సాంప్రదాయిక సర్క్యూట్‌లో రెండు ట్రాన్సిస్టర్లు, సుమారు 500 మిల్లీహెన్రీల ఇండక్టరు, 100 కిలో ఓమ్‌ల పొటెన్షియోమీటర్, కొన్ని కెపాసిటర్లు ఉంటాయి. పలకకు బిగించిన పళ్లపట్టీ కిందికీ పైకీ కదులుతూ పొటెన్షియోమీటర్ ఇరుసు మీది చిన్న పళ్లచక్రాన్ని తిప్పుతుంది. ముందుకు పూర్తిగా తొక్కితే కింద ఉన్న స్విచ్ 'టక్'మని పడి పెడల్ ఆన్ లేదా ఆఫ్ అవుతుంది.

ఇంత చిన్న సర్క్యూట్ కాబట్టే దీన్ని బాగుచేయడం సులువు. ట్రాన్సిస్టర్లు, ఇండక్టరు అంత తేలిగ్గా పాడుకావు. అరిగేవి నాలుగే: పొటెన్షియోమీటర్, స్విచ్, పళ్లపట్టీ, వైరు గుచ్చే జాక్‌లు. తక్కువ డబ్బుతో కొనేవారు చూసుకోవలసింది ఈ నాలుగింటినే. అవి ఏ స్థితిలో ఉన్నాయి, మార్చడానికి వీలుందా అన్నదే అసలు ప్రశ్న.

రకాలు

సాంప్రదాయిక పెడళ్లు: డన్‌లప్ క్రై బేబీ జీసీబీ95, వోక్స్ వీ847 ఈ కోవకు చెందినవి. పోత లోహపు పెట్టెతో కిలోకు పైగా బరువుంటాయి. వేదిక మీద జారవు, కింద పడ్డా పగలవు. విడిభాగాలు దొరుకుతాయి, వీటిని విప్పి బాగుచేసే పద్ధతి అందరికీ తెలిసిందే.

కాంతితో పనిచేసేవి: మోర్లీ పెడళ్లలోనూ, బెహ్రింగర్ హెల్‌బేబ్ హెచ్‌బీ01లోనూ పళ్లచక్రంతో తిరిగే పొటెన్షియోమీటర్ ఉండదు. పలక కదిలినప్పుడు లోపలి సెన్సరు మీద పడే వెలుగు తగ్గుతుంది, పెరుగుతుంది. దాన్నిబట్టి నాదం మారుతుంది. రాపిడి లేదు కాబట్టి గరగర శబ్దం రాదు. తేమ ఎక్కువగా ఉండే ఊళ్లకు ఇది పెద్ద సుగుణం. అయితే సర్క్యూట్ పాడైతే మామూలు మెకానిక్ చేతిలో బాగుపడటం కష్టం.

చిన్న పెడళ్లు: సంచిలో ఇమిడిపోతాయి. పలక పొట్టిగా ఉండటం వల్ల పాదం కదిలే దూరం తక్కువ. నాదాన్ని మధ్యలో ఒక చోట నిలిపి పట్టడానికి ఎక్కువ సాధన కావాలి. మొదటిసారి నేర్చుకునేవారికి పెద్ద పలకే మేలు.

మల్టీ ఎఫెక్ట్స్ యూనిట్లు: జూమ్ జీ1ఎక్స్ ఫోర్ లాంటి వాటిలో ఒక పెడల్ పలక, పదుల కొద్దీ ఎఫెక్టులు, ట్యూనర్ కలిసి వస్తాయి. వావా అందులో ఒకటి. లెక్కల ద్వారా పుట్టే నాదం కాబట్టి సాంప్రదాయిక పెడల్‌లోని పచ్చిదనం కొంత తగ్గవచ్చు. ఒకే రాత్రిలో పది రకాల పాటలు వాయించే ఆర్కెస్ట్రా గిటారిస్టుకు మాత్రం ఒక్క కొనుగోలుతో ఎక్కువ అవసరాలు తీరతాయి.

ఆటో వావా: దీనికి పలక ఉండదు. తీగను ఎంత గట్టిగా మీటితే నాదం అంతగా తెరుచుకుంటుంది. ఫంక్ లయకు బాగుంటుంది. సోలోలో గిటారిస్టు తన ఇష్టప్రకారం స్వరాన్ని సాగదీసే స్వేచ్ఛ ఇందులో ఉండదు.

కొనేముందు పరీక్ష

పాత పెడల్ కొనడం అన్నిటికంటే చౌకైన మార్గం. పరీక్షించడానికి పట్టే సమయం కొద్ది నిమిషాలే. గిటారు, ఆంప్లిఫయరు కలిపి, ఒక తీగ మోగుతుండగా పలకను మడమ నుంచి మునివేళ్ల దాకా వీలైనంత నెమ్మదిగా నడపాలి. దారిలో ఎక్కడైనా గరగరమంటే పొటెన్షియోమీటర్ మురికి పట్టిందని గానీ, అరిగిందని గానీ అర్థం. మురికైతే కాంటాక్ట్ క్లీనర్ స్ప్రేతో పోతుంది. కొద్ది రోజుల్లోనే మళ్లీ మొదలైతే అరిగినట్టే.

నాదం చివరిదాకా తెరుచుకోకపోతే వెంటనే పెడల్‌ను తిరస్కరించనక్కర్లేదు. పళ్లపట్టీ ఒకటి రెండు పళ్లు జారి ఉండవచ్చు. అడుగు రేకు విప్పి, పట్టీని పక్కకు తప్పించి, పళ్లచక్రాన్ని కాస్త తిప్పి మళ్లీ కూర్చితే సరిపోతుంది. ఈ లోపం తెలియక తక్కువ ధరకే అమ్మేసేవారు ఉంటారు.

తర్వాత స్విచ్. దాన్ని పదిసార్లు వరసగా తొక్కి చూడాలి. ఒక్కసారి తప్పినా ఆ స్విచ్ మార్చక తప్పదు. గట్టిగా తొక్కితే గానీ పడకపోతే స్విచ్ ఎత్తును నట్టుతో సరిచేయవచ్చు, లేదా పలక కింది రబ్బరు ముక్క పల్చబడేలా చూడవచ్చు. జాక్‌లో వైరు కదిపినప్పుడు నాదం తెగిపోతుంటే జాక్ మార్చాలి. అది చవకైన భాగం.

చివరగా పెడల్ ఆఫ్‌లో ఉన్నప్పుడు గిటారును నేరుగా కలిపినప్పటి నాదంతో పోల్చి వినాలి. కొన్ని పాత పెడళ్లు ఆఫ్‌లో ఉన్నా తారస్థాయి మెరుపును కొంత మింగేస్తాయి. ఆఫ్‌లో నాదం సర్క్యూట్‌ను తాకకుండా నేరుగా వెళ్లే ఏర్పాటు (ట్రూ బైపాస్) ఉన్నవాటిలో ఈ ఇబ్బంది ఉండదు. ప్రసిద్ధ పేర్లతో నకిలీలు కూడా అమ్ముడవుతాయి కాబట్టి, అడుగు రేకు మీది ముద్ర, లోపలి సర్క్యూట్ బోర్డు చూడకుండా డబ్బు చెల్లించకూడదు.

విద్యుత్తు, పెడల్ వరస

చాలా వావా పెడళ్లు 9 వోల్టుల చదరపు బ్యాటరీతో గానీ, అంతే వోల్టేజి అడాప్టరుతో గానీ నడుస్తాయి. అడాప్టరు పిన్ను మధ్యభాగం రుణధ్రువంగా ఉండాలి. ఇంట్లో వైఫై రౌటరుకు వాడేవి సాధారణంగా 12 వోల్టులవి, మధ్యభాగం ధనధ్రువంగా ఉంటుంది. వాటిని గుచ్చితే పెడల్ కాలిపోవచ్చు. అడాప్టరు మీద ముద్రించిన గుర్తును చూసి వాడాలి. గిటారు వైరు పెడల్‌లో గుచ్చి ఉన్నంతసేపూ, ఆఫ్ చేసినా సరే, బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. వాయించడం అయిపోగానే వైరు తీసేయడం బ్యాటరీ ఆదా చేసే తొలి అలవాటు.

ఒకటికంటే ఎక్కువ పెడళ్లు వాడేటప్పుడు వరసలో వావాను, నాదాన్ని కరకుగా మార్చే డిస్టార్షన్ పెడల్‌కు ముందు పెడితే గొంతులాంటి మెత్తని పలుకు వస్తుంది. తర్వాత పెడితే ఊపు పెద్దగా, కటువుగా వినిపిస్తుంది. రెండూ తప్పు కాదు. మొదట ముందు పెట్టి నేర్చుకోవడం వాడుక.

తోటపల్లి గూడూరు తీరంలో వాడకం

తోటపల్లి గూడూరు మండలం నెల్లూరు నగరానికి తూర్పున, బంగాళాఖాతం ఒడ్డున ఉంది. కోడూరు బీచ్ ఈ మండలంలోదే. ఈ ప్రాంతంలో వేసవి ఉక్కపోత తీవ్రం, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. గాలిలో ఉప్పు ఏడాది పొడుగునా ఉంటుంది. తీగలకు తుప్పు పట్టడం గిటారు ఉన్న ప్రతి ఇంటికీ తెలిసిందే. పెడల్‌లో అదే పని కంటికి కనిపించకుండా జరుగుతుంది. ముందుగా బ్యాటరీ క్లిప్పు మీద తెల్లని పొడి పేరుకుంటుంది. జాక్‌ల లోపలి స్ప్రింగు రేకులు మసకబారతాయి. అడుగు రేకు స్క్రూలు తుప్పెక్కి బిగుసుకుపోతాయి. పొటెన్షియోమీటర్‌లోకి తేమ, దుమ్ము చేరి గరగర మొదలవుతుంది.

దీనికి మందు కూడా చవకే. మూత బిగుతుగా పడే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెడల్‌ను అందులో పెట్టాలి. వాడనప్పుడు బ్యాటరీ తీసి విడిగా ఉంచాలి. నెలకోసారి జాక్‌లో ప్లగ్గును పది పదిహేనుసార్లు గుచ్చి తీస్తే ఆ రాపిడికే రేకులు శుభ్రపడతాయి. అడుగు స్క్రూలను ఏడాదికి రెండుసార్లు విప్పి, కొద్దిగా నూనె తాకించి బిగిస్తే అవసరమైన రోజున అవి మొరాయించవు. ఆ నూనె పొటెన్షియోమీటర్ మీద పడకూడదు. ఆరుబయట కచేరీ ముగిశాక తడి పెడల్‌ను సంచిలో మూసి పెట్టకుండా, ముందు పొడి గుడ్డతో తుడిచి గాలికి ఆరనివ్వాలి.

పెళ్లి పందిళ్లలో, తిరునాళ్లలో, చర్చి కూటాల్లో వాయించేవారికి కరెంటు ఒక సమస్య. జనరేటరు మీద అడాప్టరు గుయ్యిమనవచ్చు. అలాంటప్పుడు బ్యాటరీతో నడిస్తే నాదం శుభ్రంగా ఉంటుంది. జీ1ఎక్స్ ఫోర్ నాలుగు పెన్‌సెల్ బ్యాటరీలతో నడవడం ఇలాంటి చోట ఉపయోగపడుతుంది.

సినిమా పాటల ఆర్కెస్ట్రా సంప్రదాయానికి నెల్లూరుతో పాత చుట్టరికం ఉంది. నెల్లూరు కుటుంబం నుంచి వచ్చిన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం తొలినాళ్లలో నడిపిన సంగీత బృందంలో ఇళయరాజా గిటారు, తర్వాత హార్మోనియం వాయించారు. ఒక రాత్రిలో మెలొడీ, మాస్ పాట, భక్తి పాట అన్నీ పలికించవలసిన అలాంటి బృందాల్లోని గిటారిస్టుకు పెడల్ ఎంపిక అంటే నాదంతో పాటు నమ్మకం కూడా.

దొరికే చోట్లు

నెల్లూరు నుంచి చెన్నై సుమారు 175 కిలోమీటర్లు; రైలులోనో, 16వ నంబరు జాతీయ రహదారి మీదో వెళ్లవచ్చు. 1842 నాటి వాద్యాల దుకాణం మ్యూసీ మ్యూజికల్ చెన్నై అన్నాసాలైలోనే ఉంది. స్విచ్‌లు, జాక్‌లు, కెపాసిటర్లు లాంటి విడిభాగాలకు అదే నగరంలోని రిచీ స్ట్రీట్, హైదరాబాదులో కోఠి గుజరాతీ గల్లీ పేరున్నవి. వావాకు వాడే పొటెన్షియోమీటర్ మాత్రం ప్రత్యేకం. దాని ఇరుసుకు పళ్లచక్రం పట్టాలి, నిరోధం పెరిగే తీరు పెడల్ కదలికకు తగినట్టు ఉండాలి. సాధారణ 100 కిలో ఓమ్‌లది వేస్తే పెడల్ పలుకుతుంది గానీ, నాదమంతా ఒక కొసకే చేరి మిగతా కదలిక వృథా అవుతుంది. వావా కోసమే చేసిన భాగాన్ని తెప్పించుకుని, ఊళ్లోని రేడియో మెకానిక్ చేత టంకం పెట్టించుకోవడం మంచిది.

ఎంపిక క్రమం

ధరలు డాలరు మారకంతో, దిగుమతి ఖర్చులతో మారుతుంటాయి కాబట్టి అంకెల కంటే క్రమం ముఖ్యం. వావా ఒక్కటే కావలసినవారికి మొదటి ఎంపిక, పరీక్షలో నెగ్గిన పాత క్రై బేబీ లేదా వోక్స్. అరిగిన భాగాన్ని మార్చినా కొత్తదాని కంటే తక్కువలోనే తేలుతుంది, ఏళ్ల తరబడి పనిచేస్తుంది. మరమ్మతు తెలిసినవారు దగ్గర్లో లేని తీరప్రాంతపు వాద్యకారుడికి కాంతితో పనిచేసే పెడల్ రెండో ఎంపిక. అసలు ఏ ఎఫెక్టూ లేనివారు, ఆర్కెస్ట్రాలో వాయించేవారు మల్టీ ఎఫెక్ట్స్ యూనిట్‌తో మొదలుపెట్టవచ్చు. ప్రత్యేక ఇండక్టర్లు, అరుదైన నమూనాలు, రంగు రంగుల పరిమిత ఎడిషన్లు తక్కువ బడ్జెట్‌లో చూడవలసినవి కావు. వాటికి పోసే డబ్బు మంచి వైరుకు, సరైన అడాప్టరుకు, ఒక విడి స్విచ్‌కు పెడితే పెడల్ ఎక్కువ కాలం మన్నుతుంది. విప్పి చూడగలిగే పెడల్‌ను, విడిభాగం దొరికే పెడల్‌ను కొన్నవాడే తక్కువ ఖర్చు పెట్టినవాడు.