పట్టికలో రంగు: ఎర్రసిరా నుండి షరతు వరకు

బడిలో హాజరుపట్టీని చూడని విద్యార్థి ఉండడు. అందులో గళ్ళన్నీ నల్లసిరాతోనో నీలిసిరాతోనో నిండి ఉంటవి. సెలవు రోజు గడిలో మాత్రం ఎర్రసిరా కనిపిస్తుంది. అక్కడ వ్రాసినదేమిటో చదవకముందే ఆ రోజు తక్కిన రోజులవంటిది కాదని కన్ను గ్రహిస్తుంది. చదవడానికి కాలం పడుతుంది. రంగును చూడడానికి పట్టదు. వంద అంకెల నడుమ ఒక్కదానిని వేరుచేసి చూపడానికి మనిషి రంగును ఆశ్రయించడానికి కారణం ఇదే.

నేడు చాలా పాఠశాలల్లో మార్కుల పట్టికలు కంప్యూటరులో తయారవుతున్నవి. గణితంలో 35 కంటె తక్కువ వచ్చిన విద్యార్థి పేరున్న వరుస అంతా ఎవరూ రంగు వేయకుండానే ఎర్రబడేటట్లు చేయవచ్చు. ఆ అంకెను 38గా సవరిస్తే ఎరుపు వెంటనే మాయమవుతుంది. ఈ ఏర్పాటుకు కండిషనల్ ఫార్మాటింగ్ అని పేరు. షరతును బట్టి రూపు మార్చడం అని దాని అర్థం. ఇది చిన్న సౌకర్యంగానే తోచవచ్చు. కాని లెక్కలకు రంగు వేసే అలవాటు వేల ఏళ్ళనాటిది. ఆ అలవాటు కలం నుండి యంత్రానికి ఎట్లా చేరినదో, చేరినప్పుడు మన చేతిలో ఏమి మిగిలినదో తెలుసుకోవడం ఉపాధ్యాయులకూ విద్యార్థులకూ అవసరం.

రెండు సిరాలు, రెండు రంగుల పుల్లలు

క్రీ. పూ. 1550 ప్రాంతంలో ఈజిప్టు దేశంలో అహ్మెస్ అనే లేఖకుడు ఒక గణిత గ్రంథానికి ప్రతి వ్రాశాడు. రిండ్ పేపిరస్ అనే పేరుతో అది నేడు లండనులోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నది. అందులో నలుపు, ఎరుపు సిరాలు రెండూ కనిపిస్తవి. లెక్క ఎక్కడ మొదలైనదో చూపడానికీ, భిన్నాలను కూడేటప్పుడు సహాయంగా వేసుకొన్న అంకెలను అసలు అంకెల నుండి విడదీయడానికీ అహ్మెస్ ఎరుపును వాడాడు. ఏ అంకె ఏ పని చేస్తున్నదో చెప్పడం ఆ రంగు పని.

చైనాలో రంగు ఇంకొక మెట్టు ఎక్కింది. అక్కడ చిన్న పుల్లలను పేర్చి లెక్కలు చేసేవారు. తొమ్మిది అధ్యాయాల గణిత గ్రంథానికి క్రీ. శ. 263లో లియూ హ్వే వ్రాసిన వ్యాఖ్యలో ధన సంఖ్యలకు ఎర్ర పుల్లలు, ఋణ సంఖ్యలకు నల్ల పుల్లలు వాడవలెనని ఉన్నది. మనకు అలవాటైన పద్ధతికి ఇది సరిగ్గా తలక్రిందులు! ఆయన మరొక దారి కూడ చూపాడు: రంగు పుల్లలు లేకపోతే, ఒక రకాన్ని నిలువుగాను మరొక రకాన్ని ఏటవాలుగాను పెట్టి తేడా తెలుపవచ్చును. ఈ రెండవ మాటను గుర్తుంచుకొందాము. దానితో చివర పని ఉన్నది.

మన దేశంలో బ్రహ్మగుప్తుడు 628లో ధన ఋణాలకు నియమాలు చెప్పాడు. పన్నెండవ శతాబ్దిలో భాస్కరాచార్యుడు ఋణ సంఖ్యను తెలపడానికి అంకెపై చుక్క పెట్టే పద్ధతిని పేర్కొన్నాడు. మన బీజగణితంలో రంగులకు వేరే ఉద్యోగం దొరికింది. తెలియని రాశులు అనేకం ఉన్నప్పుడు వాటిని కాలక, నీలక, పీతక, లోహితక అని రంగుల పేర్లతో పిలిచేవారు.

ఒక దేశంలో ఎరుపు సహాయక అంకె, మరొక దేశంలో ధన సంఖ్య, ఇంకొక దేశంలో తెలియని రాశి పేరు! కనుక రంగులో అర్థం దానంతట అది పుట్టదు. వ్రాసేవారికీ చదివేవారికీ మధ్య కుదిరిన ఒప్పందంలో పుడుతుంది.

గుమాస్తా కలం

తరువాతి కాలంలో వ్యాపారుల లెక్కపుస్తకాలలో ఎర్రసిరా నష్టానికి గుర్తుగా స్థిరపడింది. కొన్ని టైపురైటర్లకు పైన నలుపు, క్రింద ఎరుపు ఉన్న రిబ్బను అమర్చేవారు. ఒక మీట మారిస్తే అంకె ఎర్రగా పడేది.

చిట్టా నుండి ఆవర్జాకు పద్దులు ఎక్కించే గుమాస్తా ఎర్రసిరా బుడ్డిలో కలం ముంచినప్పుడల్లా, ఇది తక్కినవాటివంటి పద్దు కాదని ఒక నిర్ణయం చేస్తున్నాడు. ఆ పద్దు ఏదో, దాని సంగతి ఏమిటో ఆ క్షణంలో అతని ఎదుటనే ఉన్నది. ఈ పద్ధతిలోని గుణం అదే.

లోపాలు కూడ రెండు ఉన్నవి. మొదటిది, అంకెను తరువాత సవరించినా ఎరుపు పోదు. కాగితంపై పడిన సిరా తిరిగి ఆలోచించదు. రెండవది, ఆ ఎరుపు ఎందుకు పడినదో పుస్తకంలో ఎక్కడా ఉండదు. కారణం గుమాస్తా మనస్సులోనే ఉంటుంది. అతడు ఉద్యోగం మానితే అతనితోనే వెళ్ళిపోతుంది.

నల్లబల్ల ముందు పుట్టిన ఆలోచన

1978లో అమెరికాలోని హార్వర్డ్ బిజినెస్ స్కూలులో డాన్ బ్రిక్లిన్ అనే విద్యార్థి ఉండేవాడు. అధ్యాపకుడు నల్లబల్లపై వేసిన పట్టికలో ఒక అంకె మారితే, దానిపై ఆధారపడిన అంకెలన్నీ చెరిపి మళ్ళీ వ్రాయవలసి రావడం అతడు గమనించాడు. తనంతట తానే తిరిగి లెక్కించుకొనే నల్లబల్ల ఉంటే ఎంత బాగుండును అనుకొన్నాడు. మిత్రుడు బాబ్ ఫ్రాంక్‌స్టన్‌తో కలిసి అతడు తయారుచేసిన విజికాల్క్ 1979లో ఆపిల్ 2 కంప్యూటరుకు విడుదలైంది.

అంకెల పట్టిక అప్పుడు ప్రాణం పోసుకొన్నది. రంగు మాత్రం ఇంకా రాలేదు. 1983లో లోటస్ 1-2-3 వచ్చింది. 1985లో మైక్రోసాఫ్ట్ వారి ఎక్సెల్ మొదట మెకింటాష్ యంత్రానికి వచ్చింది. నాటి మెకింటాష్ తెరపై ఉన్నవి నలుపు, తెలుపు మాత్రమే! తరువాత రంగుల తెరలు వ్యాపించినవి. ఋణ సంఖ్యలను ఎర్ర అంకెలతో చూపే ఏర్పాటూ వచ్చింది. అది గుమాస్తా ఎర్రసిరాకు యంత్రం చేసిన అనుకరణ. అంతకుమించిన షరతులను మనమే వ్రాసి, వాటిని బట్టి గడి రంగు మార్చే సదుపాయం ఎక్సెల్ 97తో వచ్చింది. ఒక గడికి మూడు షరతులే పెట్టవచ్చునన్న హద్దు అప్పుడు ఉండేది. ఎక్సెల్ 2007లో ఆ హద్దు తొలగింది. అదే సమయంలో ఒక పట్టికలో పట్టే వరుసల సంఖ్య 65,536 నుండి 10,48,576కు పెరిగింది. పది లక్షల వరుసలను ఏ గుమాస్తా కన్ను వెదకగలదు?

వరుస అంతా ఎట్లా ఎర్రబడుతుంది?

ఒక తరగతిలో 40 మంది విద్యార్థులు ఉన్నారనుకొందాము. పట్టికలో మొదటి వరుస శీర్షికలకు పోగా, విద్యార్థులు 2 నుండి 41 వరకు గల వరుసలలో ఉన్నారు. ఏ నిలువులో సంఖ్య, బి లో పేరు, సి లో తెలుగు, డి లో గణితం, ఇ లో ఇంగ్లీషు, ఎఫ్‌లో సామాన్యశాస్త్రం, జి లో సాంఘికశాస్త్రం. మొత్తం ఏడు నిలువులు, 40 వరుసలు, అంటే 280 గళ్ళు. వీటన్నిటినీ ఎన్నుకొని, ఏ2 గడి నుండి మొదలుపెట్టి, ఈ షరతు ఇస్తాము:

=$డి2<35

యంత్రానికి “వరుస” అనే భావన లేదు. అది 280 గళ్ళలో ఒక్కొక్క గడి వద్ద ఆగి ఈ ప్రశ్న వేసుకొంటుంది. ఒక గడి నుండి మరొక గడికి జరిగినప్పుడు షరతులోని చిరునామా కూడ జరుగుతుంది. డాలరు గుర్తు దానిని కదలకుండా పట్టే మేకు. డి ముందు మేకు ఉన్నది కనుక ఏ నిలువులో ఉన్న గడి అయినా గణితం మార్కునే చూస్తుంది. 2 ముందు మేకు లేదు కనుక మూడవ వరుస గళ్ళు మూడవ వరుస మార్కును, నాలుగవ వరుస గళ్ళు నాలుగవ వరుస మార్కును చూస్తవి. ఒక వరుసలోని ఏడు గళ్ళకూ ఒకే జవాబు వస్తుంది. అందుచేత వరుస అంతా ఒకే రంగు పొందుతుంది.

మేకు తీసివేసి =డి2<35 అని వ్రాస్తే ఏమవుతుంది? ఏ గడి గణితాన్ని, బి గడి ఇంగ్లీషును, సి గడి సామాన్యశాస్త్రాన్ని చూచి పట్టిక మచ్చలు మచ్చలుగా మారుతుంది. రెండింటికీ మేకు కొట్టి =$డి$2<35 అని వ్రాస్తే ప్రమాదం ఇంకా పెద్దది. 280 గళ్ళూ మొదటి విద్యార్థి మార్కునే చూస్తవి. అతనికి 30 వస్తే తరగతి అంతా ఎర్రబడుతుంది; అతనికి 90 వస్తే తప్పినవారు కూడ కనిపించకుండాపోతారు.

రంగు తప్పు చెప్పినప్పుడు

యంత్రం షరతును తూచా తప్పక పాటిస్తుంది. అందులోనే చిక్కు ఉన్నది. పరీక్షకు రాని విద్యార్థి గడిని ఖాళీగా విడిచిపెట్టామనుకొందాము. పోల్చేటప్పుడు ఎక్సెల్ ఖాళీ గడిని సున్నగా లెక్కిస్తుంది. సున్న 35 కంటె తక్కువ కనుక, జ్వరంతో ఇంట్లో పడుకొన్న పిల్లవాడు పరీక్ష తప్పినవారిలో చేరిపోతాడు. పోనీ, ఆ గడిలో “రాలేదు” అని వ్రాస్తే? అక్షరాలను అది ఏ అంకెకంటెనైనా పెద్దవిగా భావిస్తుంది. అప్పుడు అతని వరుసకు రంగే రాదు. శ్రద్ధ చూపవలసినవారి జాబితా నుండి జారిపోతాడు. కనుక “గడిలో అంకె ఉన్నదా?”, “ఉంటే అది 35 కంటె తక్కువా?” అని రెండు ప్రశ్నలు కలిపి అడగవలె. హాజరు కానివారికి వేరే షరతు, వేరే రంగు ఇవ్వవలె.

“35 కంటె తక్కువ” అనడానికి బదులు “35 గాని అంతకంటె తక్కువ గాని” అని పొరపాటున వ్రాస్తే, సరిగ్గా 35 తెచ్చుకొని గట్టెక్కిన పిల్లవాడు తప్పినట్లవుతాడు. రెండవ భాషకు తక్కువ మార్కు చాలునన్న పరీక్షలో అన్నిటికీ 35 షరతే పెట్టినా అన్యాయమే.

ఇంకొక మాట. పరమాణు సిద్ధాంతకర్త జాన్ డాల్టన్ తనకు రంగులు ఇతరులకు వలె కనిపించవని 1794లో మాంచెస్టరు పండితుల సభలో తెలిపాడు. భద్రపరచిన ఆయన కంటి భాగాన్ని 1995లో పరీక్షించి, ఆకుపచ్చను గ్రహించే వర్ణకం ఆయనకు లోపించినదని శాస్త్రజ్ఞులు నిర్ధారించారు. ఐరోపా సంతతి పురుషులలో నూటికి సుమారు 8 మందికి ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియడంలో ఏదో ఒక లోపం ఉంటుంది. మన తరగతులలో కూడ అట్టి పిల్లలు ఉంటారు. ఉత్తీర్ణులకు ఆకుపచ్చ, తప్పినవారికి ఎరుపు పూసిన పట్టిక వారికి అంత సులభంగా అర్థం కాదు. ఇక్కడ లియూ హ్వే రెండవ మాట పనికివస్తుంది: రంగుతోపాటు మరొక గుర్తు కూడ ఉండవలె. చివరి నిలువులో “శ్రద్ధ అవసరం” అన్న మాట చేరిస్తే చాలు. నలుపు తెలుపులలో అచ్చువేసినప్పుడు కూడ ఆ గుర్తు నిలుస్తుంది.

కలం పోయింది; నిర్ణయం మాత్రం మనవద్దనే ఉన్నది. వెనుక గుమాస్తా ఒక్కొక్క పద్దుకు ఒక్కొక్క నిర్ణయం చేసేవాడు. నేడు షరతు వ్రాసేవారు చూడని వరుసలకు కూడ ముందుగానే తీర్పు వ్రాసిపెడుతున్నారు. అయితే పాత పద్ధతిలో లేని ఒక మేలు కొత్త దానిలో ఉన్నది. గుమాస్తా మనస్సులో దాగిన కారణం ఇప్పుడు షరతు రూపంలో బయట ఉన్నది. దానిని తెరచి చదవవచ్చు, ప్రశ్నించవచ్చు, దిద్దవచ్చు. పట్టికలో ఎర్రబడిన పేరు కనిపించినప్పుడు ఉపాధ్యాయుడు మొదట షరతును ఒకసారి చదివి, తరువాత ఆ పిల్లవానిని పిలవడం మంచిది.